మా సాటింపు మేమే ఏసుకున్నం

తెలుగు పాట చరిత్ర రాసినవాళ్ళు పాడినవాళ్ళ గురించి రాశారు. పాట కట్టినవాళ్ళ గురించి కొంచెం రాశారు. "ఫలానా ఊళ్ళె ఒక పిల్లగాడు పాడుతుండు, పోయి ఇనుండ్రి" అని ఆ కబురును నోటితో మోసుకొచ్చినవాళ్ళ గురించి ఎవరూ రాయలేదు. కచేరీలకు సభలున్నాయి, పత్రికలున్నాయి, సమీక్షకులున్నారు. అక్కడ కొత్త గొంతు ఒకటి పలికితే తెల్లారేసరికి పేపర్లో ఫొటో పడుతుంది. మాదిగవాడలో ఒక గొంతు పుడితే ఏ పేపర్లో పడింది? మా వాడకు పేపరు రాలేదు. వచ్చినా చదివేటోళ్ళు లేరు. మనుషులున్నారు. ఆ మనుషులే మాకు పేపరు, ఆ మనుషులే మాకు రేడియో. నేను రాస్తున్నది వాళ్ళ చరిత్ర. విన్నోళ్ళ చరిత్ర.

మాది అప్పటి నల్లగొండ జిల్లా, భువనగిరి దిక్కు. మా తాత ఊరికి వెట్టి మాదిగ. శిస్తు కట్టాలన్నా, జాతర తేదీ చెప్పాలన్నా, తప్పిపోయిన ఎద్దు కబురన్నా, దొర గడీలో పెండ్లన్నా డప్పు కొట్టి సాటేది ఆయనే. చెక్కతో చేసిన గుండ్రటి చట్రానికి తోలు బిగించి, గడ్డిమంట మీద కాగబెట్టి, ఒక చేత సిర్ర, ఇంకో చేత సిటికెన పుల్ల పట్టుకొని కొడితే ఊరంతా చెవులప్పగించేది. ఆ సాటింపులో ఏనాడూ మా వాడ కబురు లేదు. "మా వాడకు చిందోళ్ళొచ్చిన్రు, రేపు రాత్రి ఆట" అని ఊరి నడిబజార్ల సాటే హక్కు మా తాతకు లేకుండె. ఊరి కబురంతా మోసిన డప్పుకు సొంత కబురు చెప్పుకునే దిక్కు లేదు! ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చాలు, ఈ దేశంలో కళ ఎవరిది, ప్రచారం ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

అందుకని మా కబుర్లు వేరే దారిన నడిచేవి. పెండ్లికి డప్పు కొట్ట పోయినోడు మూడు రోజులకు తిరిగొచ్చి వాకిట్ల కూసుంటే పదిమంది చుట్టూ చేరేవాళ్ళు. పెండ్లిల ఏం పెట్టిన్రని ఎవరూ అడగకపోయేది. "అక్కడి డప్పోళ్ళు ఎట్ల కొట్టిన్రు? కొత్త దరువేమన్న ఇన్నవా?" అని అడిగేది. మా పెద్దనాయనకు ఇందులో పెద్ద పేరు. ఆయన మెచ్చుకున్నాడంటే మెచ్చుకున్నట్టే. "బావా, వలిగొండ దిక్కు ఒక పోరడున్నడు. ఇంకా మీసం రాలే. సిర్ర పడ్డదంటే గుండెల పడ్డట్టే ఉంటది. వచ్చే నెల వాళ్ళ వాడల పెండ్లున్నది. పోవాలె" అనేవాడు. పోయేవాళ్ళు. చెప్పులు లేని కాళ్ళతో పది మైళ్ళు నడిచి పోయేవాళ్ళు. పెండ్లికొడుకెవరో తెలియదు, పెండ్లిపిల్లెవరో తెలియదు. డప్పు కోసం పోయేవాళ్ళు. మెచ్చుకున్నోడికి తలా ఒక బీడీ, ఒక గిలాస కల్లు. అదే వాళ్ళకు సన్మానం, అదే శాలువా.

చిందోళ్ళ ఆట సంగతి చెప్పాలి. చిందువాళ్ళు మాదిగలకు ఆశ్రితులు. ఏ కుటుంబానికి ఏ ఊళ్ళు అని పంపకం ఉంటుంది. ఆ ఊరి మాదిగల దగ్గర ఆట ఆడి తమ హక్కు తాము అడిగి తీసుకుంటారు. ముఖానికి అర్దళం పూసుకొని, పొనికి కర్రతో చేసిన కిరీటాలూ భుజకీర్తులూ కట్టుకొని, మద్దెల తాళాలతో రాత్రంతా యక్షగానం ఆడతారు. మా జాంబవుని కథ చెబుతారు. ఊళ్ళ బడి పంతులు మాకు చెప్పని చరిత్ర, మేం ఈ భూమి మీద అందరికన్నా ముందు పుట్టినోళ్ళమన్న చరిత్ర, నేను మొదట విన్నది చిందోళ్ళ నోటనే.

చిందు ఆటలో ఆడవాళ్ళు గజ్జె కడతారు. నిజామాబాద్ దిక్కు చిందు ఎల్లమ్మ ఆడవేషమూ వేసింది, మగవేషమూ వేసింది. ఆమెకు ప్రభుత్వం హంస పురస్కారం ఇచ్చింది 1999లో. 2005లో ఆమె చనిపోయింది. పురస్కారం వచ్చినంక పేపర్లు ఆమెను కనుగొన్నట్టు రాశాయి. ఎవరు కనుగొన్నరు? అంతకు ముందు ఎన్నో ఏండ్లు "ఎల్లమ్మ ఆట ఉన్నదంట" అని బండ్లు కట్టుకొని, కాలినడకన పోయిన మాదిగవాడల జనం కనుగొన్నరు. సర్కారుకు తెలిసేనాటికి ఆమె ముసలిదైంది. వాడకు తెలిసేనాటికి ఆమె వయసు పిల్ల. ఈ తేడాను పరిశోధన చేసే విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలె.

ఇక్కడ మా సంగతీ దాచకుండా చెప్పుకోవాలె. చిందోళ్ళకు మా వాడల చోటు దొరికింది. డక్కలోళ్ళకు దొరకలేదు. డక్కలివాళ్ళు కిన్నెర మోగించి జాంబపురాణం చెబుతారు, మా కులం పుట్టుక చెబుతారు. అయినా వాళ్ళ గుడిసె మా వాడకు అవతల. ఊరు మమ్మల్ని ఎంత దూరం పెట్టిందో మా వాడ వాళ్ళను అంత దూరం పెట్టింది. వాళ్ళ కథ వినాలె, వాళ్ళను తాకొద్దు! మనువు ఊళ్ళోనే ఆగిపోలేదు, మా వాడ పొలిమేర దాకా నడిచొచ్చాడు. కిన్నెర ఎవరు మంచిగ వాయిస్తరన్న మాట మా పెద్దనాయన నోట నేను చాలా తక్కువ విన్న. అందుకే మా నోటి చరిత్రలోనూ ఖాళీలున్నాయి. ఎవరి గొంతు గురించి చెప్పుకున్నామో రాసేటప్పుడు ఎవరి గొంతు గురించి చెప్పుకోలేదో కూడా రాయాలె.

ఆడవాళ్ళ కబురు ఇంకో దారి. మా అవ్వ నాట్లకు, కలుపులకు కైకిలి పోయేది. ముఠాలో పాట ఎత్తే మనిషి ఒకామె ఉంటుంది. ఆమె ఎత్తితే మిగతావాళ్ళు అందుకుంటారు. మా అవ్వ వాళ్ళు నడుము నొప్పిని పాటతో మరిచేది. "ఆ ముఠాల కొత్త కోడలొచ్చింది. పుట్టింటి దిక్కు పాటలు శానా తెచ్చింది. రేపు ఆ ముఠాతోనే పోదామే" అని బాయికాడ మాట్లాడుకునేది. పాట ఎత్తే మనిషి ఉన్న ముఠాకు పని తొందరగా తెగుతుందని ఆసామికి తెలుసు. వాళ్ళనే పిలిచేవాడు. కానీ ఆ పాటకు ఒక్క పైసా ఎక్కువిచ్చిన ఆసామిని నేను చూడలేదు. గొంతు ఆమెది, లాభం పొలం వాడిది. ఆ ఆడవాళ్ళలో ఒక్కరి పేరు ఏ జానపద పాటల సంకలనంలోనూ లేదు. "సేకరణ" అని పంతులుగారి పేరు మాత్రం అట్ట మీద ఉంటుంది.

టేప్‌రికార్డరు వచ్చినంక మా చెవులకు రెక్కలొచ్చాయి. 1980ల మొదట్లో బొంబాయికి పనికి పోయిన మా మేనమామ కొడుకు ఒకటి తెచ్చాడు. కరీంనగర్ దిక్కయితే దుబాయి పోయినోళ్ళు తెచ్చారు. అప్పటిదాకా పాట గ్రామఫోను కంపెనీ చేతిలో, రేడియో స్టేషన్ చేతిలో ఉండేది. వాళ్ళు పాడమన్నోడే పాడాలె, వాళ్ళు ఒప్పుకున్నదే పాట. క్యాసెట్టు ఆ గుత్తాధిపత్యాన్ని పగలగొట్టింది. ఒక ఖాళీ క్యాసెట్టు, రెండు టేప్‌రికార్డర్లు ఉంటే చాలు, మేమే కంపెనీ! అరవై నిమిషాల రీలులో అటు ముప్పై నిమిషాలు, ఇటు ముప్పై నిమిషాలు. రీలు చిక్కుపడితే పెన్సిలు పెట్టి తిప్పేది. నాలుగోసారి కాపీ కొట్టేసరికి గొంతు బురదల పడ్డట్టు ఉండేది. అయినా వినేది.

అట్లా విన్నాం గద్దర్‌ను. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్, గదర్ పార్టీ పేరును తన పేరు చేసుకున్నవాడు. 1972లో మొదలైన జననాట్యమండలి గొంగడి, గజ్జెలు, డప్పు వేదిక మీదికి తెచ్చింది. వెట్టికి గుర్తుగా ఉన్న డప్పు మొదటిసారి ధిక్కారానికి గుర్తయింది. 1985లో గద్దర్ అజ్ఞాతంలోకి పోయాడు. మనిషి లేడు, క్యాసెట్టు ఉన్నది. అదే ఏడాది జూలై 17న కారంచేడులో మాదిగలను తరిమి తరిమి చంపారు. ఆ తర్వాత దళిత మహాసభ పుట్టింది. సభ ఉన్న చోటల్లా పాట ఉన్నది. కోస్తా నుంచి కొత్త గొంతులు, కొత్త పాటలు మా దిక్కు రావడం అప్పుడే మొదలైంది. మాస్టార్జీ పాట, కలేకూరి ప్రసాద్ పాట ఎవరో ఒకరు చేతిరాతతో రాసుకొచ్చేది. బాణీ మటుకు విన్నోడి నోట్లోనే ఉండేది. వాడు ఎట్లా పాడితే మాకది అట్లా.

నేను డిగ్రీకి వచ్చి సాంఘిక సంక్షేమ హాస్టల్లో చేరినంక మేం ఆరుగురం కలిసి ఒక నోటుబుక్కు పెట్టుకున్నాం. అన్ని జిల్లాల పిల్లలుండేది. ఆదిలాబాదోడు, పాలమూరోడు, ఖమ్మమోడు. సెలవులకు ఇంటికి పోయి వచ్చినోడు ఏం విన్నాడో అందులో రాయాలె. పాడినోడి పేరు, ఊరు, ఎక్కడ విన్నాం, పాట ఎవరు కట్టింది, మళ్ళ ఎప్పుడు ఎక్కడ పాడతడు. చివర్ల ఒక గీత గీసి "తప్పక వినాలె" అనో, "గొంతుంది, మాట లేదు" అనో, "మాటుంది, దరువు తప్పుతడు" అనో రాసేది. దాని మీద రాత్రంతా కొట్లాటలు. ఖమ్మమోడు తన ఊరోన్ని మెచ్చుకుంటే పాలమూరోడు ఒప్పుకోకపోయేది. "నువ్వు ఇన్నవా? ఇనకుంట ఎట్ల చెప్తవ్?" అన్నది మా హాస్టల్ల పెద్ద మాట. విన్నోడికే మాట్లాడే హక్కు. మెస్సు డబ్బుల్లో మిగిల్చుకొని ఆదివారం బస్సెక్కి పోయి విని వచ్చి తీర్పు చెప్పేది.

1990 ఫిబ్రవరిలో గద్దర్ బయటకొచ్చాడని, నిజాం కాలేజీ గ్రౌండులో పాడతడని తెలిసింది. హాస్టలంతా ఖాళీ. ఆ గ్రౌండులో ఎక్కడ చూసినా తలకాయలే. నేను చూసింది గద్దర్‌ను ఒక్కణ్నే కాదు, పక్కన సంజీవ్, దివాకర్‌ను కూడా. డప్పు వాళ్ళది, గద్దర్ పాట ఆ దరువు మీదనే ఎగిరింది. ఆ రాత్రి మా నోటుబుక్కులో గద్దర్ పేరు రాయలేదు. అందరికీ తెలిసిన పేరు మళ్ళ రాసుడెందుకు? పక్కనున్నవాళ్ళ పేర్లు రాసుకున్నాం. మా పుస్తకానికి అదే నియమం.

ఆ సందు ఎక్కువ రోజులు తెరిచి లేదు. మళ్ళీ నిర్బంధం వచ్చింది. 1992లో పీపుల్స్‌వార్ మీద నిషేధం పెట్టారు. ఒక రాత్రి మా హాస్టలు సోదా చేశారు. పెట్టెలు తెరిచి క్యాసెట్లు పట్టుకపోయారు, పాటల పుస్తకాలు పట్టుకపోయారు, మా నోటుబుక్కూ పట్టుకపోయారు. పేర్లు, ఊర్లు, మళ్ళ ఎప్పుడు ఎక్కడ కలుస్తడు. మాకది పాటల పట్టిక. వాళ్ళ కంటికి దళం పట్టిక! అందులో ఉన్న ఒక పిల్లగాన్ని, పెండ్లిళ్ళల్ల పాడుకునే పిల్లగాన్ని, రెండు రోజులు స్టేషన్ల పెట్టి పంపిన్రు. వాడు మళ్ళ బయట గొంతెత్తలేదు. వాళ్ళ నాయన ఎత్తనియ్యలేదు. పేర్లు రాసుకునుడు నేరం కాదు. పాటను నేరం చేసినవాళ్ళదే ఆ నేరం. కానీ ఆనాటి నుంచి నాకు ఒక సంగతి అర్థమైంది. మా పాటలకు పేర్లు లేకపోవడానికి కారణం ఒక్కటి కాదు, రెండు. ఒకటి కులం. మా పేరు రాయడానికి వాళ్ళకు చెయ్యి రాలేదు. రెండోది రాజ్యం. మా పేరు రాయడానికి మాకే భయమేసింది. క్యాసెట్టు మీద పేరు ఉంటే ఇంటిమీదికి జీపొస్తుంది. అట్లా ఎంతోమంది తమ పాటను పేరు లేకుండా జనంలోకి వదిలేశారు, కన్నబిడ్డను తొట్టిల వదిలినట్టు.

దాని ఫలితం చూడండి. 'మా భూమి' సినిమాలో గద్దర్ పాడిన బండి పాటను ఇప్పటికీ సగం మంది గద్దర్ కట్టిందే అనుకుంటారు. కట్టింది సాయుధ పోరాటం నాటి బండి యాదగిరి. గూడ అంజయ్య ఊరి మీద కట్టిన పాటను ఊరూరా జనం తమ పాటే అనుకొని పాడుకున్నారు. 2016లో అంజయ్య చనిపోయిన రోజున "ఆ పాట ఈయనదా!" అన్నవాళ్ళు నాకే ఎంతోమంది ఎదురయ్యారు. కట్నానికి బలైన ఆడపిల్ల మీద కలేకూరి ప్రసాద్ రాసిన పాట 'శ్రీరాములయ్య' (1998) సినిమాలో వచ్చింది. దాన్ని విని ఏడ్చినవాళ్ళు లక్షలమంది. 2013లో పోయిన ఆ కవి పేరు వాళ్ళల్లో ఎంతమందికి తెలుసు? పాట జనం సొత్తు అయిందని సంబరపడదాం, మంచిదే. త్యాగయ్య కీర్తన కూడా జనం సొత్తే కదా, మరి ఆయన పేరు ఎందుకు పోలేదు? కీర్తన చివర ముద్ర ఉంది. మాకు ముద్ర వేసుకునే జాగా లేదు.

ఆ జాగాను దండోరా ఇచ్చింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో కొద్దిమందితో మాదిగ దండోరా మొదలైంది. పేరులోనే ఉన్నది చరిత్ర. ఇతరుల కబురు సాటిన దండోరా ఇప్పుడు సొంత కబురు సాటింది. అంతకు ముందు మా వాడల్ల పెద్ద పంచాయితీ నడిచేది. డప్పు వెట్టికి గుర్తు, దాన్ని బావిల పడేద్దామని చదువుకున్న పిల్లలు. డప్పు మన చెయ్యి, చెయ్యిని ఎట్ల నరుక్కుంటమని ముసలోళ్ళు. రెండూ నిజమే. చావుకు కొట్టమంటే కొట్టనన్న పిల్లలు దెబ్బలు తిన్నారు, వాళ్ళ ఆత్మగౌరవం గొప్పది. దండోరా ఊరేగింపులో అదే పిల్లలు పేరు పక్కన కులం పెట్టుకొని అదే డప్పు కొట్టారు. డప్పు మారలేదు. ఎవరి కబురు కోసం కొడుతున్నామన్నది మారింది. 2024 ఆగస్టు 1న వర్గీకరణకు దారి తెరుస్తూ సుప్రీంకోర్టు తీర్పు చెప్పిందాకా ముప్పై ఏండ్లు ఆ డప్పు చల్లారలేదు.

అదే రోజుల్లో మా భువనగిరిలో బెల్లి లలిత పాడేది. మిల్లులో పనిచేసిన గొల్ల ఆడబిడ్డ. "లలితక్క పాడుతదంట" అంటే మా వాడ ఆడవాళ్ళు గిన్నెలు బోర్లించి బయలెల్లేది. 1999 మే నెలలో ఆమెను చంపి ముక్కలు చేసి పడేశారు. ఇంకా పెరుగుతున్న గొంతు అది. గొంతు ఎంత దూరం పోతుందో మాకన్నా ముందు చంపినోళ్ళే లెక్క కట్టారు.

తర్వాత రోజులు మీకు తెలిసినవే. 2002లో కామారెడ్డిలో ధూంధాం మొదలైంది. గోరటి వెంకన్న పల్లె పాట అదే ఏడాది 'కుబుసం' సినిమాతో ఇంటింటికీ చేరింది. అంతకు ముందు ఆయన్ని మీటింగుల్లో విని "ఈ మనిషిని వదలొద్దు" అని ఒకరికొకరు చెప్పుకున్నోళ్ళు ఎందరో. 2021 సంవత్సరానికి సాహిత్య అకాడెమీ అవార్డు ఆయన 'వల్లంకి తాళం'కు వచ్చింది. ఇప్పుడు ఫోన్లొచ్చాయి. పాలమూరు పిల్లగాడు పొద్దున పాడింది సాయంత్రానికి దుబాయిల వింటున్నారు. మా పెద్దనాయన పది మైళ్ళు నడిచి తెచ్చిన కబురు ఇప్పుడు వేలి కొసన ఉన్నది. సంతోషమే.

అయితే ఒక్క సంగతి చూడండి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య, మా వాడ అవతల ఉంచిన ఆ డక్కలి బిడ్డ, 'భీమ్లా నాయక్' సినిమాలో పాడాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. లక్షలమంది ఫోన్లలో చూశారు, ఒకరికొకరు పంపుకున్నారు. 2024లో అదే మనిషి కూలిపని చేస్తున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. వాటినీ లక్షలమంది ఒకరికొకరు పంపుకున్నారు! మా పెద్దనాయన మెచ్చుకున్నోడికి గిలాస కల్లన్నా పోయించాడు. ఇప్పటి మెచ్చుకోలు నుంచి ఆ మనిషి కంచంలోకి ఏం పోయింది?

కార్యకర్తలకు, విద్యార్థులకు చెబుతున్న. ఒక కొత్త గొంతు గురించి చెప్పేటప్పుడు మొదలు పేరు చెప్పండి, ఊరు చెప్పండి. పాట కట్టినోడి పేరు వేరే చెప్పండి, డప్పు కొట్టినోడి పేరు వేరే చెప్పండి. మీ మీటింగుకు పిలిచినప్పుడు బస్సు కిరాయి, కూలి ముందే చేతిల పెట్టండి. "ఉద్యమం కోసం పాడు తమ్మీ" అని ఉత్త చేతుల్తో పంపితే అది కొత్త వెట్టి. ఆడవాళ్ళ ముఠాల్లో పాట ఎత్తినవాళ్ళు ఇంకా కొందరు బతికే ఉన్నారు. డెబ్బై, ఎనబై ఏండ్లుంటాయి. పోయి వినండి, ఏ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నరో అడిగి రాసుకోండి. డక్కలివాళ్ళ గుడిసెకు పోయి, అక్కడ కూసోని, వాళ్ళు పెట్టింది తిని వినండి.

మా ఊళ్ళె మొన్న ఒక పిల్ల డప్పు పట్టింది. తొమ్మిదో తరగతి. మా వాడల ఆడపిల్ల సిర్ర పట్టుడు ఇదే మొదలు. దరువు ఇంకా కుదరలేదు, ఎడమచెయ్యి ఎనకబడుతది. కానీ చేతిల మంట ఉన్నది. వచ్చే ఏప్రిల్ 14న అంబేద్కర్ విగ్రహం కాడ కొడతదట. వీలైనోళ్ళు రండి.